ఫ్రీవీల్‌కు వెల్డింగ్ పెట్టించవద్దు: పాత సైకిల్‌ను ఫిక్స్‌డ్ గేర్‌గా మార్చడం గురించి

మీ ప్రశ్న నాకు అర్థమైనంతవరకు ఇది. నాన్నగారు వాడిన స్టీలు సైకిల్ ఇంట్లో ఉంది. గేర్లు లేవు, కాలిపర్ బ్రేకులు ఉన్నాయి, వెనుక చక్రం నట్లు వదులు చేస్తే వెనక్కి జరిగి బయటికి వస్తుంది. దాన్ని ఫిక్స్‌డ్ గేర్‌గా (చక్రం తిరిగినంతసేపూ పెడల్ కూడా తిరిగే సైకిల్‌గా) మార్చి మెహిదీపట్నం నుంచి గచ్చిబౌలికి రోజూ ఆఫీసుకు వెళ్ళాలనుకుంటున్నారు. మీ వీధి మెకానిక్ పాత ఫ్రీవీల్‌కు (తొక్కడం ఆపినా చక్రాన్ని తిరగనిచ్చే వెనుక పళ్ళచక్రానికి) నాలుగు చోట్ల వెల్డింగ్ పెడితే చాలన్నాడు. బ్రేకులు తీసేయవచ్చా, ముందు వెనుక ఎన్ని పళ్ళు పెట్టాలి అన్నవి మిగతా రెండు సందేహాలు.

ముందు సూటిగా జవాబు చెబుతాను. మీ ఫ్రేము ఈ పనికి చక్కగా పనికొస్తుంది, నిస్సంకోచంగా మార్చుకోండి. కానీ ఫ్రీవీల్‌కు వెల్డింగ్ వద్దే వద్దు. ముందు బ్రేకు ఎట్టి పరిస్థితుల్లోనూ తీయవద్దు. పళ్ళ విషయంలో ముందు 42, వెనుక 17తో మొదలుపెట్టండి. ఒకవైపు ఫ్రీవీల్, మరోవైపు ఫిక్స్‌డ్ పళ్ళచక్రం పట్టే హబ్‌తో (చక్రం నడిమి భాగంతో) వెనుక చక్రం కట్టించుకుని, మొదటి రెండు నెలలు ఫ్రీవీల్ వైపే తొక్కండి. ఖర్చంతా ఆ వెనుక చక్రం మీదే పెట్టండి. మిగతా సైకిల్ పాతదైనా ఫరవాలేదు.

వెల్డింగ్ ఎందుకు వద్దో కొంచెం వివరంగా చెప్పాలి. ఈ సలహా చాలా ఊళ్ళలో ఇస్తున్నారు, దాన్ని నమ్మి నేనూ ప్రమాదం అంచు దాకా వెళ్ళాను.

వెనుక హబ్ కుడివైపు మర ఉంటుంది. ఫ్రీవీల్ దాని మీద మామూలు నట్టులాగా ఎక్కుతుంది. మీరు వేసే ప్రతి తొక్కూ దాన్ని ఇంకాస్త బిగిస్తుంది. పదేళ్ళు తిరిగిన ఫ్రీవీల్‌ను ఊడదీయడానికి ఇద్దరు మనుషులు వేలాడాల్సి రావడం అందుకే. తొక్కడం ఆపితే ఫ్రీవీల్ లోపలి చిన్న నాలుకలు టిక్‌టిక్‌మంటూ జారిపోతాయి కాబట్టి వెనక్కి నెట్టే బలం ఆ మర మీద పడదు. ఫిక్స్‌డ్‌లో ఆ నాలుకలు లేవు. చక్రం తిరిగితే పెడల్ తిరగాల్సిందే. వేగం తగ్గించడానికి కాళ్ళతో ఎదురు నొక్కినప్పుడల్లా ఆ బలం సరిగ్గా మర విప్పే దిశలోనే పడుతుంది. వెల్డింగ్ పెట్టి ఫ్రీవీల్‌ను గట్టి ముద్దగా మార్చినా, ఆ ముద్ద హబ్ నుంచి విప్పుకోకుండా ఆపే వస్తువు అక్కడ ఏదీ లేదు. పైగా ఫ్రీవీల్ పళ్ళది వేడిచేసి గట్టిపరచిన ఉక్కు. వెల్డింగ్ వేడికి ఆ చుట్టుపక్కల లోహం పెళుసుబారుతుంది, అతుకు పక్కనే చీలిక వస్తుంది.

నా మొదటి ఫిక్స్‌డ్ సైకిల్ ఇలా చేయించుకున్నదే. మూడు వారాలు హాయిగా తిరిగాను. ఒకరోజు ఉదయం జూబ్లీహిల్స్ చెక్‌పోస్టు నుంచి కిందికి దిగుతూ, ముందు ఆటో ఆగితే అలవాటుగా కాళ్ళు బిగించాను. కింద ‘టక్’మని చిన్న చప్పుడైంది. మరుక్షణం పెడళ్ళలో బరువు లేదు. నా కాళ్ళు వెనక్కి గిర్రున తిరిగాయి, సైకిల్ మాత్రం అదే వేగంతో ముందుకు పోతోంది. అదృష్టం కొద్దీ ముందు బ్రేకు తీయలేదు. ఆటో వెనుక బంపరుకు జానెడు దూరంలో ఆగాను. ఇంటికి నడిపించుకుని వెళ్ళి చూస్తే, ఆ వెల్డింగ్ ముద్ద రెండు వేళ్ళతో తిప్పితే ఊడి వచ్చింది. హబ్ మీద మర మొత్తం గీరుకుపోయింది. నల్లటి గ్రీజులో వెండి దారపు పోగుల్లాంటి అల్యూమినియం తునకలు మెరుస్తున్నాయి. ఆ హబ్ ఇప్పటికీ నా పనిబల్ల మీదే ఉంది. వెల్డింగ్ చేయిస్తానని ఎవరొచ్చినా ముందు దాన్ని చేతిలో పెడతాను.

అసలైన ఫిక్స్‌డ్ హబ్‌కు రెండు మెట్ల మర ఉంటుంది. లోపలి పెద్ద మెట్టు కుడి మర, అంటే కుడికి తిప్పితే బిగిసేది, దాని మీద పళ్ళచక్రం ఎక్కుతుంది. బయటి చిన్న మెట్టు ఎడమ మర, అంటే ఎడమకు తిప్పితే బిగిసేది, దాని మీద లాక్‌రింగ్ ఎక్కుతుంది. మీరు ఎదురు నొక్కితే పళ్ళచక్రం విప్పుకోవాలని చూస్తుంది. కానీ అది కదిలితే తనతోపాటు లాక్‌రింగ్‌ను తిప్పుతుంది, ఆ రింగ్‌ది ఎడమ మర కాబట్టి ఆ తిప్పుడుకు అది మరింత బిగుస్తుంది. ఇంత చిన్న ఉపాయం మీద మీ ప్రాణం ఆధారపడి ఉంటుంది. మామూలు ఫ్రీవీల్ హబ్ మీద ఫిక్స్‌డ్ పళ్ళచక్రం ఎక్కించి, పెడల్ ఇరుసు దగ్గరి పాత రింగ్‌ను పైన బిగించే పద్ధతి ఒకటుంది. రెండు బ్రేకులూ ఉంటే దాన్ని కొందరు ఒప్పుకుంటారు. నేను ఒప్పుకోను. రెండూ కుడి మరలే, ఒకదానితో ఒకటి కలిసి విప్పుకోగలవు.

రెండు వైపులా పనికొచ్చే హబ్ కొత్త వింతేమీ కాదు. టూర్ ద ఫ్రాన్స్ సైకిల్ పందెంలో 1937 దాకా డీరైలర్ గేర్లను (తొక్కుతూనే చైనును ఒక పళ్ళచక్రం నుంచి మరోదానికి మార్చేవాటిని) అనుమతించలేదు. అంతకుముందు ఆ పందెగాళ్ళు కొండ మొదట్లో దిగి, వెనుక చక్రం విప్పి, రెండోవైపున్న తేలిక గేరు చైనుకు వచ్చేలా తిప్పి బిగించుకుని ఎక్కేవారు. మీరు చేయబోయేదీ అదే పని. వారం మధ్యలో కాళ్ళు అలసిపోతే చక్రం తిప్పి ఫ్రీవీల్ వైపు పెట్టుకోవచ్చు.

హబ్ కొనే ముందు రెండు కొలతలు తీయండి. ఒకటి, ఫ్రేము వెనుక, చక్రం ఇరుసు బిగించే రెండు పలకల మధ్య ఎడం. ట్రాక్ హబ్‌ల (ఫిక్స్‌డ్ హబ్‌ల) వెడల్పు సాధారణంగా 120 మి.మీ. గేర్లు లేని మన పాత సైకిళ్ళలో ఈ ఎడం చాలావరకు అంతకంటే తక్కువే. స్టీలు ఫ్రేము కాబట్టి కొన్ని మిల్లీమీటర్లు వెడల్పు చేయించవచ్చు. కానీ రెండు వైపులా సమానంగా తెరుచుకున్నాయో లేదో తప్పక చూడాలి. హ్యాండిల్ దగ్గర ఫ్రేముకు దారం కట్టి, వెనుక రెండు పలకల దాకా లాగి, సీటు గొట్టానికి రెండు వైపులా దారం ఒకే దూరంలో ఉందో లేదో కొలవండి. అల్యూమినియం ఫ్రేము ఉన్నవారు ఈ పని చేయించకూడదు, పగులుతుంది.

రెండోది రిమ్ కొలత. టైరు పక్కన చదవండి. 28 × 1½ అని ఉంటే రిమ్ వ్యాసం 635 మి.మీ., 27 × 1¼ అయితే 630, 26 × 1⅜ అయితే 590. ఇప్పుడు ఎక్కువగా దొరికే 700సి రిమ్ 622. అంటే 27 అంగుళాల చక్రం తీసి 700సి పెడితే బ్రేకు రబ్బర్లు 4 మి.మీ. కిందికి దించాలి, అది తేలికే. 26 అంగుళాలదైతే 700సి చక్రం ఆ ఫ్రేములో పడుతుందో లేదో, బ్రేకు రబ్బర్లు పైకి అందుతాయో లేదో ముందే చూసుకోవాలి. నన్నడిగితే 26కు 26 రిమ్ మీదే కొత్త హబ్ కట్టించుకోవడం మంచిది. పుల్లలు కట్టి బెండు తీయగల మంచి చేయి దొరికితే చాలు.

బిగించేటప్పుడు వరస తప్పవద్దు. మరకు గ్రీజు రాయాలి. పళ్ళచక్రాన్ని చేత్తో చివరిదాకా ఎక్కించి, చివర చైను ముక్క ఉన్న పానాతో గట్టిగా లాగి బిగించాలి. తర్వాత లాక్‌రింగ్‌ను ఎడమకు తిప్పి కొక్కెం పానాతో బిగించాలి. అక్కడితో ఆపకూడదు. చక్రం సైకిల్‌కు ఎక్కించి, బ్రేకులు ఉన్నాయని చూసుకుని, ఏదైనా చిన్న ఎత్తు ఎక్కుతూ, సీటు నుంచి లేచి పది తొక్కులు గట్టిగా తొక్కండి. పళ్ళచక్రం ఇంకాస్త లోపలికి వెళుతుంది, లాక్‌రింగ్ వదులవుతుంది. మళ్ళీ బిగించండి. కొత్త చక్రానికి ఈ పని మొదటి వారంలో మూడుసార్లు చేస్తాను. ఉలి పెట్టి సుత్తితో కొట్టి బిగిస్తానంటే ఒప్పుకోవద్దు. లాక్‌రింగ్ గాట్లు ఒక్కసారి చెక్కుకుపోయాయంటే పానా ఇక పట్టదు.

చైను గురించి. మామూలు గేర్లు లేని సైకిల్‌కు వేసే అర అంగుళం × 1/8 అంగుళం చైను ఈ పనికి సరిపోతుంది, ఏ చిన్న ఊళ్ళోనైనా దొరుకుతుంది. ముందు వెనుక పళ్ళు కూడా 1/8వే తీసుకోండి. 1/8 పళ్ళ మీద సన్నని 3/32 చైను కూర్చోదు. రెండు పళ్ళచక్రాలూ ఒకే గీతలో ఉండాలి. ముందు, సీటు గొట్టం నడిమి నుంచి పళ్ళ నడిమి దాకా కొలవండి. వెనుక, పలకల మధ్య ఎడంలో సగం తీసుకుని, అందులోంచి కుడి పలక లోపలి ముఖం నుంచి పళ్ళ నడిమి దాకా ఉన్న దూరం తీసేయండి. రెండు అంకెల మధ్య తేడా ఒక మిల్లీమీటరుకు మించకూడదు. ట్రాక్ సైకిళ్ళకు ఈ కొలత సాధారణంగా 42 మి.మీ. మించితే చైను గరగరమంటుంది, పళ్ళు ఒక పక్కే అరుగుతాయి. అన్నిటికంటే ముఖ్యంగా, చైను ఊడే అవకాశం పెరుగుతుంది. ఫ్రీవీల్ సైకిల్‌లో చైను ఊడితే చేతులు నల్లబడతాయి, అంతే. ఫిక్స్‌డ్‌లో ఊడిన చైను పుల్లల మధ్య చిక్కుకుంటే వెనుక చక్రం ఉన్నచోట బిగుసుకుపోతుంది.

బిగువు సరిచేయడానికి నేను వాడే పద్ధతి ఇది. రెండు నట్లూ వేలి బిగువులో ఉంచి చక్రం వెనక్కి లాగి, చైను వైపు నట్టు బిగిస్తాను. ఇప్పుడు చక్రం కొంచెం ఎడమకు వాలుతుంది. దాన్ని చేత్తో మధ్యకు తోసి ఎడమ నట్టు బిగిస్తాను. ఇంకా వదులుంటే ఒక నట్టు వదిలి రిమ్‌ను పక్కకు తోస్తే ఇరుసు ఆ వైపు వెనక్కి జరుగుతుంది. ఇలా ఒక్కొక్క అడుగు నడిపించినట్టు జరపాలి. చివర్లో పెడల్ నెమ్మదిగా ఒక పూర్తి చుట్టు తిప్పుతూ చైను మధ్యలో వేలితో నొక్కి చూడండి. ముందు పళ్ళచక్రం ఏదీ అచ్చంగా గుండ్రంగా ఉండదు కాబట్టి ఒకచోట బిగువుగా, ఒకచోట వదులుగా తగులుతుంది. బాగా బిగువైన చోట కూడా పైకీ కిందికీ కలిపి ఒక సెంటీమీటరు ఆడాలి. వీణ తీగలా లాగి పెడితే బేరింగులు పోతాయి.

ఇక బ్రేకులు. బ్రేకుల్లేని సైకిల్ వెలోడ్రోమ్‌లో, అంటే సైకిల్ పందేల కోసం కట్టిన ట్రాక్‌లో పుట్టింది. ఉస్మానియా విశ్వవిద్యాలయంలోని వెలోడ్రోమ్‌కు వెళ్ళి చూడండి. అక్కడ అందరూ ఒకే దిశలో తొక్కుతారు, ఎవరూ హఠాత్తుగా ఆగరు, ఎదురుగా బర్రె రాదు. అలాంటి చోట ముందువాడు బ్రేకు వేయడమే వెనుకవాడికి ప్రమాదం. టోలిచౌకి కూడలి అలాంటి చోటు కాదు. వేగం తగ్గేటప్పుడు శరీరం బరువు ముందు చక్రం మీదికి వెళ్ళిపోతుంది, వెనుక చక్రం తేలిపోతుంది. ఎంత బలమైన కాళ్ళయినా వెనుక చక్రంతో మాత్రమే ఆగేవాడికి, ముందు బ్రేకు సరిగ్గా వేసేవాడితో పోలిస్తే సుమారు రెట్టింపు దూరం కావాలి. బ్రిటన్‌లో 1983 నాటి నిబంధనలు కూడా రోడ్డు మీద తిరిగే ఫిక్స్‌డ్ సైకిల్‌కు ముందు చక్రం మీద బ్రేకు తప్పనిసరి చేశాయి. మీకైతే రెండు బ్రేకులూ ఉంచమంటాను, ఫ్రీవీల్ వైపు తొక్కే రోజుల్లో రెండూ కావాలి. మీ పాత చక్రాలవి తళతళలాడే స్టీలు రిమ్‌లైతే, కనీసం ముందుదైనా అల్యూమినియం రిమ్‌కు మార్చండి. స్టీలు రిమ్ తడిస్తే బ్రేకు దాదాపు పట్టదు. జూలై వానలో ఆ తేడా ఒక్కసారి చూసినవాళ్ళు మళ్ళీ స్టీలు రిమ్ కట్టించుకోరు.

పళ్ళ లెక్కకు వద్దాం. 700సి చక్రం, 28 మి.మీ. టైరుతో ఒక చుట్టు సుమారు 2.14 మీటర్లు. 42/17 అంటే పెడల్ ఒక చుట్టుకు 5.3 మీటర్లు. నిమిషానికి 80 చుట్లు తొక్కితే గంటకు 25 కిలోమీటర్లు దాటుతారు. నగరంలో అంతకంటే అవసరం లేదు. వీడియోల్లో కనిపించే 48/16 మీ దారిలో పెట్టవద్దు. ఎత్తు మీద మోకాలి చిప్ప కింద మొదలయ్యే నొప్పి నెల తిరగకుండానే తెలుస్తుంది. అలాగని మరీ తేలిక చేసినా ఫిక్స్‌డ్‌లో దిగుడు కష్టమవుతుంది. 42/17తోనే 40 కిలోమీటర్ల వేగంతో దిగితే కాళ్ళు నిమిషానికి 126 చుట్లు తిరగాలి. అలవాటు లేనివాడు సీటు మీద ఎగిరెగిరి పడతాడు.

ఊరిని బట్టి ఈ లెక్క మారుతుంది. విజయవాడలో కాలువగట్ల వెంట తొక్కే ఒక విద్యార్థికి 46/17 కట్టి ఇచ్చాను, నాలుగేళ్ళుగా మార్చలేదు. అక్కడ ఎత్తు కంటే ఎదురుగాలే ఎక్కువ. విశాఖలో ఒక మిత్రుడు బీచ్ రోడ్డు చూసుకుని 46/16 పెట్టుకున్నాడు. ఇల్లు మాత్రం కొండవాలులో ఉంది. ఆర్నెల్లు మోకాళ్ళు పట్టుకుని తిరిగి 42/18కి వచ్చాడు, ఆ తర్వాత ఫ్రీవీల్ వైపు తిప్పేసి సుఖంగా ఉన్నాడు. అందులో ఓటమి ఏమీ లేదు. సింగిల్ స్పీడ్ (ఒకే గేరు, ఫ్రీవీల్ ఉన్నది) తనంతట తానే మంచి సైకిల్.

వెనుక 17 పళ్ళు అనడానికి ఇంకో కారణం ఉంది. ఫిక్స్‌డ్‌లో కాళ్ళు బిగించి చక్రాన్ని ఈడ్చి ఆపే అలవాటు పడితే, టైరు మీద అరుగుడు పడే చోట్లు పళ్ళ నిష్పత్తిని బట్టి ఉంటాయి. భిన్నాన్ని కుదించాక కింద మిగిలే అంకె ఎంతో అన్ని చోట్లు. 48/16 అంటే 3/1, ప్రతిసారీ ఒకే చోట అరిగి టైరు నెలలో గుడ్డ తేలుతుంది. 42/17 భిన్నాన్ని ఇంకా కుదించలేం కాబట్టి 17 చోట్లకు అరుగుడు పంచుకుంటుంది. మీరు ఈడ్చి ఆపాలని నేననడం లేదు, అయినా టైరు మిగలడం మంచిదేగా.

తొక్కడం నేర్చుకోవడానికి ఆదివారం తెల్లవారుజామున నెక్లెస్ రోడ్డుకు వెళ్ళండి. లేదా అవుటర్ రింగ్ రోడ్డు పక్కన సోలార్ కప్పు వేసిన సైకిల్ ట్రాక్ మీకు దగ్గరే. మొదటి రోజు అందరూ చేసే తప్పు ఒకటే. అలసి కాళ్ళు ఆపుతారు, పెడల్ ఆగదు, అది మనిషిని ఎత్తి ముందుకు విసురుతుంది. శరీరం ఈ అలవాటు మరచిపోవడానికి నాకు పది రోజులు పట్టింది. పెడళ్ళకు పట్టీలు కట్టుకోండి. దిగుడులో ఒక్కసారి పాదం జారితే, గిర్రున తిరిగే పెడల్ పిక్కను కోస్తుంది. మలుపులో లోపలి పెడల్‌ను పైకి ఎత్తి ఉంచడం ఇక్కడ కుదరదు, అది కిందికి వచ్చి నేలకు తగిలితే వెనుక చక్రం లేచిపోతుంది. కాబట్టి మలుపులో సైకిల్ తక్కువ వంచండి. వీలైతే 165 మి.మీ. క్రాంకులు (పెడళ్ళను పట్టే కడ్డీలు) వేయించండి. స్పీడ్ బ్రేకర్ మీద కాళ్ళు తిరుగుతూనే ఉండగా సీటు నుంచి రెండు అంగుళాలు లేవడం నేర్చుకోవాలి. మన రోడ్ల మీద రోజుకు పాతిక సార్లు చేసే పని అదే.

ఇది ఎందుకంత కష్టపడి నేర్చుకోవడమని మీరు అడగలేదు గానీ చెబుతాను. వాన పడ్డాక తారు మీద వెనుక టైరు వెంట్రుకవాసి జారినా మీ పాదానికి తెలిసిపోతుంది. ఎంత వేగంలో ఉన్నారో కాళ్ళే చెబుతాయి. రద్దీలో మనిషి నడక వేగానికి తగ్గి, బ్రేకు తాకకుండా, కాలు నేల మీద పెట్టకుండా మెల్లగా కదలగలరు. ఇరవై ఏళ్ళుగా గేర్ల సైకిళ్ళూ తొక్కుతున్నాను, ఈ అనుభవం మరి దేనిలోనూ దొరకలేదు.

చివరిగా, ఇంట్లో పిల్లలుంటే ఇది తప్పక చదవండి. స్టాండు వేసి ఉన్న ఫిక్స్‌డ్ సైకిల్ చక్రం తిప్పితే చైను కూడా తిరుగుతుంది, మధ్యలో ఆగదు. చైనుకు, పళ్ళకు మధ్య వేలు పడితే చక్రం వేగం మొత్తం ఆ వేలి మీదే పడుతుంది. వేళ్ళు తెగిపోయిన సంఘటనలు ఉన్నాయి. చక్రం తిప్పుతూ గుడ్డతో చైను తుడవడం ఎప్పుడూ చేయకండి. చైనును నిలబెట్టి, కొంచెం కొంచెం తుడిచి, చేయి తీసి, తర్వాతే జరపండి. ప్యాంటు అంచు, చున్నీ, బూటు లేసులు అన్నీ ఇదే లెక్క. మా ఇంట్లో ఫిక్స్‌డ్ సైకిల్‌ను నేల మీద ఉంచను, గోడకు కొక్కేలు కొట్టి పిల్లలకు అందని ఎత్తులో తగిలిస్తాను.

మీ ఫ్రేము వెనుక ఎడం, టైరు పక్కన ఉన్న అంకెలు, ముందు పళ్ళు ఎన్నో లెక్కపెట్టి రాయండి. ముందు క్రాంకులు కాటరు పిన్నులతో బిగించినవా, నాలుగు పలకల ఇరుసువా అన్నది కూడా చెప్పండి. దాన్ని బట్టి ముందు పళ్ళచక్రం మార్చాలా, ఉన్నదానికే వెనుక పళ్ళు సరిచూసుకోవచ్చా అన్నది చెబుతాను.